జంపర్ల సంయుక్త ఛాయాచిత్రం: కాలాన్ని కొలిచే బొమ్మ

లాంగ్‌జంప్, ట్రిపుల్‌జంప్, హైజంప్, పోల్‌వాల్ట్ క్రీడాకారులు నేలను వదిలింది మొదలు ఇసుకలోనో పరుపు మీదో పడేదాకా గాలిలో పెట్టే భంగిమలను వరుసగా ఫోటోలు తీసి, అన్నిటినీ ఒకే నేపథ్యం మీద ఒకే బొమ్మగా కూర్చితే దాన్ని సంయుక్త ఛాయాచిత్రం అంటారు. ఫోటోగ్రాఫర్ల వాడుకలో ఇది కాంపోజిట్, లేదా సీక్వెన్స్ ఫోటో. ఒకే జంపర్ ఏడెనిమిది మందిగా మారి గాలిలో బారులు తీరినట్టు కనిపించే ఈ దృశ్యాన్ని మైదానంలో ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు. అందుకే దీన్ని కంప్యూటర్ గారడీ అని తీసిపారేసేవారు కొందరు, అందమైన అలంకారం అని మెచ్చుకుని వదిలేసేవారు కొందరు. ఈ రెండు అభిప్రాయాలూ దాని అసలు స్వభావాన్ని పట్టించుకోవు. మామూలు ఫోటో ఒక క్షణానికి సాక్ష్యం చెబుతుంది. సంయుక్త చిత్రం ఒక వ్యవధికి సాక్ష్యం చెబుతుంది. కాలాన్ని ఏ నియమంతో ముక్కలు చేశారు, ఆ నియమం చూసేవారికి తెలుసా అన్న రెండు ప్రశ్నలకు సరైన జవాబు ఉంటే అది ఫోటో అంత నిజం, కొన్ని విషయాల్లో అంతకన్నా ఎక్కువ నిజం. చరిత్ర, తీసే పద్ధతి, భౌతికశాస్త్రం మూడూ ఈ మాటనే బలపరుస్తాయి.

పుట్టుక, పరిణామం

ఈ పద్ధతి కంప్యూటర్ కన్నా చాలా పాతది. ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త ఎతియెన్-జూల్ మారే (1830–1904) జంతువుల నడకనూ పక్షుల ఎగురుడునూ కంటితో చూసి చేసే వర్ణనలను నమ్మేవాడు కాదు. 1882లో సెకనుకు 12 బొమ్మలు తీసే తుపాకీ ఆకారపు కెమెరాను తయారుచేశాడు. ఆ వెంటనే పారిస్ అంచున ఏర్పాటు చేసుకున్న ప్రయోగశాలలో, సహాయకుడు జార్జ్ దెమెనీతో కలిసి, వరుస భంగిమలన్నీ ఒకే గాజు ప్లేటు మీద పడే ఏర్పాటు చేశాడు. కెమెరా కదలదు. అందులో చీలికలున్న గుండ్రని రేకు తిరుగుతూ ఉంటుంది. చీలిక కటకానికి ఎదురుగా వచ్చినప్పుడల్లా కాస్త వెలుగు లోపలికి పడుతుంది. వెనక నల్లటి తెర, దాని ముందు తెల్లబట్టలు వేసుకుని పరిగెత్తే మనిషి. నలుపు ప్లేటు మీద ముద్ర వేయదు కనుక, ముందు పడిన బొమ్మ చెడకుండా తరువాతి బొమ్మ దాని పక్కన పడుతుంది. పోల్ పట్టుకుని పైకి లేచే క్రీడాకారుడు ఈ తెర ముందు తరచూ కనిపించిన వ్యక్తుల్లో ఒకడు. మారే తన బొమ్మల్లో కొలత గీతలనూ, కాలం తెలిపే ముల్లునూ కూడా పడేలా చూసుకున్నాడు. ఎంత దూరం, ఎంత సేపు అన్న రెండు ప్రశ్నలకూ బొమ్మలోనే జవాబు ఉండాలన్నది అతని పట్టుదల. సంయుక్త చిత్రం కళగా మొదలై తరువాత శాస్త్రానికి పనికొచ్చిందనుకోవడం పొరపాటు. అది పుట్టిందే కొలత సాధనంగా.

ఇప్పటికీ వేధించే చిక్కు కూడా మారే కాలంలోనే బయటపడింది. బొమ్మల సంఖ్య పెంచితే కదలిక వివరంగా తెలుస్తుంది, కానీ ఒళ్లు ఒంటి మీద పడి ఏ చెయ్యి ఏ ఆకారానిదో తెలియదు. బొమ్మలు తగ్గిస్తే ఆకారాలు విడివిడిగా ఉంటాయి, మధ్య కదలిక పోతుంది. దీనికి మారే కనిపెట్టిన ఉపాయం విచిత్రమైనది. మనిషికి ఒళ్లంతా నల్లదుస్తులు తొడిగి, చేతులూ కాళ్ల పొడవునా తెల్లపట్టీలు, కీళ్ల దగ్గర మెరిసే చుక్కలు పెట్టించాడు. అప్పుడు ప్లేటు మీద మనిషి మాయమై గీతలు మిగిలాయి. ఈ రోజు సినిమా స్టూడియోల్లోనూ క్రీడా ప్రయోగశాలల్లోనూ కీళ్లకు గుర్తులు అంటించి కదలికను నమోదు చేసే పద్ధతికి ఇది పూర్వరూపం.

అదే కాలంలో అమెరికాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ మరో దారి పట్టాడు. 1878లో పరిగెత్తే గుర్రాన్ని వరుసగా నిలబెట్టిన కెమెరాలతో తీసి పేరు తెచ్చుకున్న ఆయన, 1887లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం అండతో 781 పలకల మహాసంకలనం వెలువరించాడు. ఒక్కో భంగిమకు ఒక్కో గడి. దేనితోనూ ఏదీ కలవదు. చూడగానే మారే ప్లేటు కన్నా ఇదే నమ్మదగినదిగా అనిపిస్తుంది. కానీ చరిత్రకారిణి మార్తా బ్రౌన్ ఆ పలకలను ఒక్కొక్కటిగా పరిశీలించి, చాలావాటిలో బొమ్మలు లోపించాయనీ, క్రమం మారిందనీ, వేర్వేరు ప్రయత్నాల బొమ్మలు ఒకే వరుసలో చేరాయనీ చూపించింది. విడివిడి ఫోటోలు కావడం నిజానికి పూచీ కాదనీ, కలిపిన బొమ్మ కావడం అబద్ధానికి గుర్తు కాదనీ చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. మైబ్రిడ్జ్ పనిని దగ్గరగా చూసిన ఫిలడెల్ఫియా చిత్రకారుడు థామస్ ఈకిన్స్ తన సొంత ప్రయోగాలకు మారే పద్ధతినే ఎంచుకున్నాడు. 1884–85లో దూకేవారినీ పోల్‌వాల్ట్ చేసేవారినీ ఒకే ప్లేటు మీద తీశాడు.

ఇరవయ్యో శతాబ్దంలో ఎం.ఐ.టి. ఆచార్యుడు హెరాల్డ్ ఎడ్జర్టన్ తిరిగే రేకు స్థానంలో మెరిసే దీపాన్ని తెచ్చాడు. చీకటి గదిలో కెమెరా తెరిచే ఉంటుంది; సెకనుకు పదుల సార్లు వెలిగి ఆరే దీపమే కాలాన్ని సమానంగా కోస్తుంది. గాల్ఫ్ క్రీడాకారుడి దెబ్బను విసనకర్రలా చూపిన ఆయన చిత్రాలు 1930లలో జనాదరణ పొందాయి. అయితే పట్టపగలు స్టేడియంలో ఇది కుదరదు. డిజిటల్ కెమెరాలు, పొరలు పొరలుగా బొమ్మను సవరించే సాఫ్ట్‌వేర్ వచ్చాకే నల్ల తెర అవసరం పోయింది. 2000ల తొలి సంవత్సరాల్లో స్విట్జర్లాండ్‌కు చెందిన డార్ట్‌ఫిష్ సంస్థ స్ట్రోమోషన్ పేరుతో టీవీ దృశ్యాల నుంచే ఇలాంటి బొమ్మలను తయారుచేసే పద్ధతిని తెచ్చాక, సంయుక్త చిత్రం ప్రేక్షకుల ఇళ్లలోకి వచ్చింది.

తీసే విధానం

సాధనాలు మారినా మూలసూత్రం మారే నాటిదే: కెమెరా కదలకూడదు, కాలం సమానంగా తెగాలి. కెమెరాను స్టాండు మీద, రన్‌వేకు లంబంగా, దూకే దూరం మధ్యభాగానికి ఎదురుగా నిలబెడతారు. లాంగ్‌జంప్‌కు టేకాఫ్ బోర్డుతో మొదలుపెట్టి ఇసుక గుంటలో పడే చోటు దాటేదాకా సుమారు 12 మీటర్ల వెడల్పు ఫ్రేములో పట్టాలి. 36 మిల్లీమీటర్ల వెడల్పు సెన్సర్ ఉన్న కెమెరాకు 50 మిల్లీమీటర్ల లెన్స్ పెడితే, అందుకు పదహారు, పదిహేడు మీటర్ల దూరంలో నిలబడాలి. ఇంకా దగ్గరగా వెడల్పాటి లెన్స్‌తో తీయవచ్చు గానీ, అప్పుడు అంచుల్లో ఉన్న బొమ్మలు సాగుతాయి, మధ్యలోవాటితో పోల్చడం కష్టమవుతుంది. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్‌బ్యాలెన్స్ మూడింటినీ ఆటోలో వదలకుండా ముందే స్థిరపరుస్తారు. ఒక ఫ్రేము తెల్లగా, మరొకటి నల్లగా వస్తే కూర్చేటప్పుడు అతుకులు బయటపడతాయి.

షట్టర్ వేగానికీ ఒక లెక్క ఉంది. మేటి లాంగ్‌జంపర్ గాలిలో సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో ముందుకు పోతాడు. సెకనులో 250వ వంతు షట్టర్‌తో తీస్తే ఆ వ్యవధిలో అతని నడుము మూడున్నర సెంటీమీటర్లు జరిగిపోతుంది, బొమ్మ అలుక్కుపోతుంది. 2,000వ వంతుతో తీస్తే జరిగేది అర సెంటీమీటరు లోపే. పాదాలు, చేతులు నడుము కన్నా వేగంగా ఊగుతాయి కాబట్టి కనీసం 1,000వ వంతు ఉండాలి. ఇక ఎన్ని ఫ్రేములు? గాలిలో ఉండే సమయం సుమారు 0.8 నుంచి 0.9 సెకను. సెకనుకు 20 ఫ్రేములు తీసే కెమెరా ఆ సమయంలో పదహారు, పదిహేడు భంగిమలను పట్టుకుంటుంది; కానీ ఒక్కోదానికీ మధ్య ఎడం 45 సెంటీమీటర్లే, చేతులూ కాళ్లూ చాపిన మనిషి అందులో ఇమడడు. ప్రతి మూడో ఫ్రేమును తీసుకుంటే ఎడం 135 సెంటీమీటర్లకు పెరుగుతుంది, ఆరు బొమ్మలు దాదాపు విడివిడిగా నిలుస్తాయి. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్ వీడియో తీసి, ప్రతి 36వ ఫ్రేమును ఎంచుకున్నా వచ్చేది అదే 0.15 సెకను వ్యవధి. అంటే ఖరీదైన కెమెరా లేకపోవడం ఈ పనికి అడ్డంకి కాదు, స్టాండు లేకపోవడం అడ్డంకి.

ఎంచుకున్న ఫ్రేములను సాఫ్ట్‌వేర్‌లో పొరలుగా పేర్చి, కదలని వస్తువుల ఆధారంగా ఒకదాని మీద ఒకటి సరిపెడతారు. ఖాళీ నేపథ్యం కోసం చాలామంది వాడే ఉపాయం మధ్యస్థ విలువ: బొమ్మలోని ప్రతి బిందువు దగ్గర అన్ని ఫ్రేముల విలువలను చిన్న నుంచి పెద్దకు పేర్చి నడిమిదాన్ని తీసుకుంటారు. జంపర్ ఏ బిందువునైనా ఒకటి రెండు ఫ్రేముల్లోనే కప్పుతాడు కాబట్టి నడిమి విలువ ఖాళీ మైదానానిదే అవుతుంది. తరువాత ప్రతి పొరలో జంపర్ ఉన్న చోటు మాత్రమే కనిపించేలా మాస్క్ వేస్తారు. పనితనం ఇక్కడ నీడల దగ్గర తేలుతుంది. ఒంటిని కత్తిరించి నేల మీది నీడను వదిలేస్తే బొమ్మలు అతికించినట్టు కనిపిస్తాయి. ప్రతి భంగిమకూ దాని నీడ వెంట రావాలి. రెండు బొమ్మలు తగులుకున్న చోట తరువాతిది పైన ఉండాలా, ముందుది పైన ఉండాలా అన్నదానికి మొదటి నుంచి చివరిదాకా ఒకే పద్ధతి పాటించాలి. ముదురు నేపథ్యం ముందు లేతరంగు దుస్తులుంటే మాస్క్ కూడా అక్కరలేదు. రెండు పొరల్లో ఎక్కువ వెలుగున్న బిందువునే నిలిపే మోడ్ ఎంచుకుంటే చాలు. మారే నల్ల తెర చేసిన పని అదే.

పోటీని బట్టి

నాలుగు పోటీలూ ఈ పద్ధతికి ఒకేలా లొంగవు. లాంగ్‌జంప్ అన్నిటికన్నా అనుకూలం: కదలిక ఒకే తలంలో, ఒకే దిశలో, ఒకే వేగంతో సాగుతుంది. ట్రిపుల్‌జంప్‌లో దూరం రెట్టింపు కన్నా ఎక్కువ కాబట్టి కెమెరా ఇంకా వెనక్కి జరగాలి, బొమ్మలో మనిషి చిన్నవాడవుతాడు. అయినా సంయుక్త చిత్రం విలువ పూర్తిగా తెలిసేది ఇక్కడే. జొనథన్ ఎడ్వర్డ్స్ 1995 ఆగస్టు 7న గోథెన్‌బర్గ్‌లో నెలకొల్పిన 18.29 మీటర్ల ప్రపంచ రికార్డులో మూడు అంగలు వరుసగా 6.05, 5.22, 7.02 మీటర్లు. నేలను తాకిన ప్రతిసారీ జంపర్ కొంత వేగం పోగొట్టుకుంటాడు. సమాన వ్యవధులతో కూర్చిన బొమ్మలో, ఒక్కో అంగ దాటాక ఆకారాల మధ్య ఎడం తగ్గడం రూపంలో ఆ నష్టం కంటికి కనబడుతుంది. ఏ ఒక్క ఫోటో దాన్ని చూపలేదు.

హైజంప్‌లో చిక్కులు ఎక్కువ. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో డిక్ ఫాస్‌బరీ 2.24 మీటర్లు దూకి గెలిచాక అందరూ అలవరచుకున్న పద్ధతిలో పరుగు వంపు తిరుగుతుంది. జంపర్ కెమెరాకు దగ్గరగానో దూరంగానో జరుగుతూ ఉంటాడు కాబట్టి ఆకారాల పరిమాణమే మారుతుంది. పైగా ముందుకు పోయే వేగం తక్కువ కావడంతో అడ్డకర్ర మీద బొమ్మలు గుమిగూడతాయి. కానీ వీపు వంచి తల, భుజాలు, నడుము, మడమలు ఒకదాని తరువాత ఒకటిగా కర్రను దాటే తీరు ఫాస్‌బరీ పద్ధతి రహస్యం. శరీరంలో ఏదో ఒక భాగమే ఏ క్షణంలోనైనా కర్రకు పైన ఉంటుంది. దీన్ని ఒకే ఫోటోలో చూపడం అసాధ్యం. పోల్‌వాల్ట్‌లో మనిషితోపాటు కర్ర కూడా నటుడే. పెట్టెలో గుచ్చుకున్న కొన కదలదు, మిగతా కర్ర వంగి, తిరిగి నిటారుగా లేస్తూ బొమ్మలో విచ్చుకుంటుంది. ఎడమవైపు దూరదూరంగా ఉన్న ఆకారాలు పైకి వెళ్లేకొద్దీ దగ్గరవుతాయి. పరుగులోని వేగం ఎత్తుగా మారడం అంటే ఏమిటో అర్థం చేసుకోవడానికి ఆ అమరిక చూస్తే చాలు.

స్కేలుతో పరీక్ష

సంయుక్త చిత్రం నిజాయితీని బయటి సాక్ష్యం లేకుండానే కొంతవరకు పరీక్షించవచ్చు, ఈ వ్యాసం వాదనకు ఇదే ప్రధాన ఆధారం. గాలిలోకి లేచిన శరీరం మీద పనిచేసే ముఖ్యబలం భూమ్యాకర్షణ ఒక్కటే. గాలి నిరోధం ఈ దూరాల్లో స్వల్పం. కాబట్టి శరీర గురుత్వకేంద్రం ముందుకు పోయే వేగం మారదు. ఫ్రేముల మధ్య వ్యవధి సమానమైతే బొమ్మ మీద అడ్డంగా కొలిచిన ఎడాలు కూడా సమానంగా ఉండాలి. నిలువుగా మరో నియమం ఉంది. 0.1 సెకను వ్యవధితో తీసిన బొమ్మలో, అత్యున్నత స్థానం నుంచి దిగే కేంద్రం వరుసగా సుమారు 5, 20, 44, 78 సెంటీమీటర్లు కిందికి వస్తుంది. ఒక్కో అంచెలో దిగిన దూరాలు 5, 15, 24, 34. అంచె అంచెకూ పెరుగుదల పది సెంటీమీటర్లకు కాస్త తక్కువ, ఎక్కడైనా అంతే. ఎవరైనా అందం కోసం ఒక ఆకారాన్ని కాస్త ముందుకు జరిపినా, పైకి లేపినా, మధ్యలో ఒక ఫ్రేము వదిలేసినా ఈ లెక్క చెడుతుంది. మామూలు ఫోటోలో ఇలాంటి అంతర్గత తనిఖీకి వీలే లేదు.

ఈ పరీక్షకు హద్దులున్నాయి. గురుత్వకేంద్రం కంటికి కనిపించే చుక్క కాదు. నడుమును దానికి బదులు తీసుకుంటే కొన్ని సెంటీమీటర్ల తేడా తప్పదు. ఫాస్‌బరీ పద్ధతిలో ఒళ్లు విల్లులా వంగినప్పుడు ఆ కేంద్రం శరీరం బయటే ఉండవచ్చు. పోల్‌వాల్టర్ కర్రను వదిలేదాకా కర్ర కూడా అతన్ని నెడుతూ ఉంటుంది కాబట్టి సమాన ఎడాల నియమం అప్పటిదాకా వర్తించదు. కెమెరా పక్కకు తిరుగుతూ తీసిన ఫ్రేములను అతికించిన బొమ్మల్లో కొలతలు మరింత సడలుతాయి. కానీ హద్దులు తెలిసిన కొలత కొలత కాకుండా పోదు. ఎక్కడ నమ్మాలో, ఎక్కడ నమ్మకూడదో ముందే చెప్పగలగడం ఏ సాధనానికైనా బలమే.

అభ్యంతరాలు

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం పత్రికారంగం నుంచి వస్తుంది. 2003లో ఇరాక్ యుద్ధంలో కొద్ది క్షణాల తేడాతో తీసిన రెండు ఫోటోలను కలిపి ఒకటిగా పంపినందుకు లాస్ ఏంజిలస్ టైమ్స్ తన ఫోటోగ్రాఫర్‌ను ఉద్యోగం నుంచి తొలగించింది. అక్కడ తప్పయినది ఇక్కడ ఒప్పెలా అవుతుంది? తేడా కలపడంలో లేదు, దాచడంలో ఉంది. ఆ యుద్ధచిత్రం రెండు క్షణాలను ఒకే క్షణంగా నమ్మించింది. జంపర్ బొమ్మలో ఒకే మనిషి ఏడుచోట్ల ఉండడమే ఇది ఒక క్షణం కాదని చాటుతుంది. ఎవరూ మోసపోయే వీలు లేదు. ఇంకో ఉదాహరణ ట్రాక్ మీదే ఉంది. పరుగు పందెంలో విజేతను తేల్చే ఫోటోఫినిష్ చిత్రం కూడా ఒక క్షణానిది కాదు. సన్నని నిలువు చీలిక గుండా ముగింపు గీతను మాత్రమే చూస్తూ, ఒక్కో క్షణంలో ఆ గీత మీద ఉన్నదాన్ని పక్కపక్కన పేర్చిన బొమ్మ అది. అందులో అడ్డంగా ఉన్నది దూరం కాదు, కాలం. గీత మీద ఆగిన పాదం అందులో వింతగా సాగిపోయి కనిపిస్తుంది. 1948 లండన్ ఒలింపిక్స్ నాటికే వాడుకలో ఉన్న ఆ బొమ్మను ఈ రోజు సెకనులో వెయ్యో వంతు తేడాకు తిరుగులేని రుజువుగా ఒప్పుకుంటున్నారు. కాలాన్ని పరచి చూపిన చిత్రమే అబద్ధమైతే ముందు కొట్టివేయవలసింది దాన్నే.

రెండో అభ్యంతరం సౌందర్యానికి సంబంధించినది: మంచి క్రీడాఛాయాచిత్రం ఒక్క క్షణంలోనే అంతా చెప్పాలి, ఏడు ఆకారాలు పెడితే ఉద్వేగం పలచబడుతుంది అని. 1968 అక్టోబరు 18న బాబ్ బీమన్ మెక్సికోలో 8.90 మీటర్లు దూకినప్పుడు టోనీ డఫీ తీసిన ఒక్క ఫ్రేము ఈ వాదనకు అండ. నోరు తెరిచి, కాళ్లు చాపి గాలిలో ఉన్న బీమన్‌ను మరచిపోవడం కష్టం. ఒప్పుకోవలసిందే. అయితే ఆ ఫోటో చూసి అది 8.90 మీటర్ల దూకో, 7.90 మీటర్ల దూకో చెప్పడం ఎవరి వల్లా కాదు. ముఖం, ప్రయత్నం, ఆ క్షణపు తీవ్రత ఒక్క ఫ్రేము చెప్పే సంగతులు. దూరం, లయ, దశల క్రమం వరుస చెప్పే సంగతులు. ఒకటి చేయలేని పనిని ఇంకొకటి చేస్తుందే తప్ప పోటీ పడదు.

వీడియో ఉండగా ఇదెందుకు అనేది మూడో ప్రశ్న. వీడియోలో ఒక భంగిమ రాగానే ముందుది పోతుంది. పోల్చడానికి జ్ఞాపకం మీద ఆధారపడాలి. కోచ్‌కు కావలసింది పోలికే: బోర్డును వదిలేటప్పుడు మోకాలు ఎంత ఎత్తున ఉంది, దిగేటప్పుడు మడమలు నడుముకు ఎంత ముందున్నాయి, రెంటికీ మధ్య నడుము వంపు ఎక్కడ మొదలైంది. ఇవన్నీ ఒకే కాగితం మీద పక్కపక్కన ఉంటే వేలు పెట్టి చూపవచ్చు, గీత గీయవచ్చు.

పాటించవలసిన నియమాలు

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి సంయుక్త చిత్రం ఎక్కడ తప్పుదారి పట్టగలదో స్పష్టమవుతుంది. వేర్వేరు ప్రయత్నాల నుంచి అందమైన భంగిమలు ఏరి ఒకే దూకుగా చూపడం మొదటిది. మైబ్రిడ్జ్ పలకల్లో జరిగింది అదే. ఆకారాలు తగులుకుంటున్నాయని కొన్ని చోట్ల వ్యవధి పెంచి, కొన్ని చోట్ల తగ్గించి, ఆ సంగతి చెప్పకపోవడం రెండోది. మూడోది చాలామంది గమనించనిది: నేపథ్యానికి కూడా ఒక కాలం ఉంటుంది. నేపథ్యంగా చివరి ఫ్రేమును తీసుకుంటే, జంపర్ ఇంకా బోర్డు మీదే ఉన్న ఆకారం పక్కన అధికారి అప్పటికే తెల్లజెండా ఎత్తేసి ఉంటాడు. దూకు సక్రమమో కాదో తేలే చోట ఇలాంటి బొమ్మను రుజువుగా వాడకూడదనడానికి ఈ ఒక్క కారణం చాలు. నాలుగోది కొత్తగా వచ్చిపడింది. రెండు ఫ్రేముల మధ్య భంగిమను ఊహించి పుట్టించే కృత్రిమ మేధ సాధనాలు ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి. అలా పుట్టిన ఆకారం ఎంత సహజంగా ఉన్నా, జంపర్ ఆ భంగిమలో ఉన్నట్టు కెమెరా చూడలేదు. దాన్ని చేర్చిన మరుక్షణం ఆ చిత్రం కొలత లక్షణాన్ని పోగొట్టుకుని గీసిన బొమ్మగా మిగులుతుంది.

కాబట్టి ఇలాంటి చిత్రాన్ని ప్రచురించేవారు దాని కింద మూడు సంగతులు రాయాలి: ఇది ఒకే ప్రయత్నమా, ఆకారాల మధ్య వ్యవధి ఎంత, నేపథ్యంలో ఏది తీసేశారు లేదా ఏ ఫ్రేము నుంచి తెచ్చారు. మూడూ కలిపి రెండు పంక్తులకు మించవు. అవి ఉంటే పాఠకుడు స్కేలు తీసుకుని తనిఖీ చేయగలడు, కోచ్ లెక్క కట్టగలడు, సంపాదకుడు నిశ్చింతగా అచ్చు వేయగలడు. అవి లేకపోతే ఎంత నైపుణ్యంతో కూర్చిన బొమ్మనైనా అలంకారంగానే తీసుకోవాలి.